ఎడమ చక్రం వెనక టక్ టక్

7వ తేదీ, సోమవారం, ఉదయం 7:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

నిర్ణయం: మా కారు ముందు ఎడమ చక్రం వెనక వచ్చే టక్ టక్‌ని నా చేతులతో, మా వాకిట్లోనే, ఆదివారంలోగా మాన్పిస్తాను. మెకానిక్ నీడ కూడా పడనివ్వను.

ఎందుకంటే నిన్న నాన్న తేల్చేశారు. ఆదివారం పొద్దున నేను నడుపుతుంటే ఆయన పక్కన కూర్చుంటారు. చప్పుడు లేకపోతే తాళాలు నావి. ఉంటే బండి బాబాయిది. కోళ్లఫారానికి దాణా మోయడానికి! బస్సు కోసం చూడకుండా నేను ఒక్కదాన్నే ఈ ఊరి పొలిమేర దాటాలంటే ఉన్నది ఆ బండే.

అమ్మ: "గిటారు మూడు రోజులు. ఈత నాలుగు రోజులు. దీనికెన్ని రోజులే?"

ఏడమ్మా. ఏడు!

సాయంత్రం 5:30

ఎదురింటి రిటైర్డ్ కంపౌండర్ గారు స్టెతస్కోపు తెచ్చి చక్రం వెనక పెట్టారు. నేను బానెట్ మీద కూర్చుని ఊగాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"కీలు అరిగింది పాపా. మీ అమ్మ మోకాలిదీ ఇదే చప్పుడు."

అమ్మ విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

రోగం: డ్రాప్ లింకు. జానెడుకి కాస్త ఎక్కువ ఇనప కడ్డీ, రెండు చివర్లా కీళ్లు. మలుపులో బండి ఒరిగిపోకుండా చూసే సరంజామాలో ఒక ముక్క. వీడియోలో ఒకాయన ఇరవై నిమిషాల్లో మార్చేశాడు. ఈల వేస్తూ!

8వ తేదీ, మంగళవారం

లింకు కొన్నాను! షాపాయన రెండు వైపులా జతగా మార్చాలన్నాడు. ముందు ఒకటి పూర్తి చేయనివ్వండి, నా చరిత్రలో అదే మొదటిది అన్నాను.

వచ్చేస్తుంటే వెనక్కి పిలిచాడు. "కొత్తది బిర్రుగా ఉంటుందమ్మా. చేత్తో తిప్పితే కీలు కదలదు. పాడైందనుకుని మళ్లీ తీసుకురాకు."

రాసుకున్నాను. నేనేమైనా చిన్నపిల్లనా?

సాయంత్రం వాకిట్లో రిహార్సల్ చేస్తుంటే లింకు గ్రీజు డబ్బాలో పడింది. తుడిచాను. ఇంకా నల్లబడింది. ఫర్వాలేదు, దాన్ని ఎవరూ పెళ్లిచూపులకు తీసుకెళ్లరు.

9వ తేదీ, బుధవారం

6:00 జాకీ ఎత్తాను. కింద స్టాండు పెట్టాను. చక్రం ఊడదీశాను. నేనే!

6:40 లింకు నట్టు. తిప్పాను. తిరిగింది!

7:15 ఇంకా తిరుగుతోంది.

7:25 నట్టుతో పాటు లోపలి బోల్టూ తిరుగుతోంది. ముప్పావు గంటగా ఇనుముకి వ్యాయామం చేయిస్తున్నాను.

8:00 నాన్న ఆఫీసుకి బస్సులో వెళ్లారు.

10వ తేదీ, గురువారం

ఈరోజు పని జరగలేదు. కారణాలు:

1. తుప్పు వదిలే నూనె కొట్టాను. నానాలి.
2. మబ్బు పట్టింది.
3. మబ్బు పోయింది. ఎండ.
4. నాకు ఈల వేయడం రాదు. ముందు అది నేర్చుకోవాలి. (మూడు గంటలు. గాలి మాత్రం వస్తోంది.)

11వ తేదీ, శుక్రవారం

నానుతోంది.

12వ తేదీ, శనివారం

10:00 కంపౌండర్ గారు గోడ మీంచి: "ఏం పాపా, పేషెంటు ఇంకా టేబుల్ మీదే ఉన్నాడా?"

"జలుబు చేసింది అంకుల్."

"నీకా, బండికా?"

ఆయనే వచ్చి పలచటి పానాతో బోల్టు మెడ పట్టుకున్నారు. "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అన్నారు. బోల్టుతో! నేను తిప్పాను. ఊడింది!!

11:20 పాత లింకు, కొత్త లింకు డైనింగ్ టేబుల్ మీద, కింద పేపరు. రెండూ నల్లగానే ఉన్నాయి. గెలుపు ముందు ఒక చిన్న కునుకు.

2:40 కునుకు కాదది. నిద్ర.

లేచేసరికి కొత్త లింకు దాని పెట్టెలో బుద్ధిగా ఉంది. తళతళ! అమ్మ తుడిచి పెట్టిందన్నమాట. అమ్మకి నా మీద నమ్మకం కుదిరింది! కళ్లు చెమర్చాయి.

కీలు చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది. కదలదన్నాడు షాపాయన. ఆయనకేం తెలుసు.

5:30 కంపౌండర్ గారు మళ్లీ మెడ పట్టుకున్నారు, నేను బిగించాను. చక్రం ఎక్కింది. ఈల కూడా వచ్చింది. గడువుకి ఒకరోజు ముందే!

13వ తేదీ, ఆదివారం

8:30 స్టీరింగ్ ముందు నేను. పక్కన నాన్న, ఒళ్లో చేతులు పెట్టుకుని.

8:34 మొదటి స్పీడ్ బ్రేకర్.

టక్. టక్.

నాన్న కిటికీలోంచి బయటికి చూశారు. "పద, ఇంటికి."

8:50 గుమ్మంలో అమ్మ.

"చప్పుడేంటే? అంత శుభ్రంగా తోమి పెట్టానుగా!"

"ఏది తోమావు?"

"ఒకటి మురికి. ఇంకోటి మహా మురికి. మహా మురికిదాన్ని పీచుపెట్టి తోమితే కొత్తదానిలా మెరిసింది. కొత్తది పెట్టెలోనేగా ఉండాలి!"

అంటే నేను పాత లింకు విప్పి, స్నానం చేయించి, మళ్లీ అదే బిగించాను. అసలు కొత్తది పాత ఇనప సామాను సంచిలో దొరికింది. కీలు తిప్పి చూశాను. బిర్రు. కదల్లేదు.

పదింటికి బాబాయి వస్తాడు.

9:05 జాకీ. స్టాండు. చక్రం ఊడదీశాను. ఎనిమిదే నిమిషాలు! లింకు నట్టు మాత్రం మళ్లీ గిరగిరా. కంపౌండర్ గారు కూతురింటికి వెళ్లారట. నాన్న వచ్చి కాసేపు పక్కన గొంతుక్కూర్చుని, లేచి వెళ్లారు.

10:00 ఆటోలో బాబాయి. రెండు దాణా బస్తాలతో.

"ఏంటన్నయ్యా, బండి మూడు కాళ్ల మీదుంది?"

"పని మధ్యలో ఉందిరా" అన్నారు నాన్న.

"దానికేం, చక్రం ఎక్కించేద్దాం. నట్లేవీ?"

వెతికాం. వాకిలంతా వెతికాం. బాబాయి పూలకుండీలు కూడా ఎత్తి చూశాడు. నాలుగు నట్లలో ఒక్కటీ లేదు.

"నువ్వే దాచావు కదే?"

"ఒట్టు బాబాయ్! నాకు తెలీదు." నిజంగానే తెలీదు.

"వచ్చే ఆదివారం చూద్దాంలేరా" అన్నారు నాన్న. బస్తాలు మళ్లీ ఆటో ఎక్కాయి.

నాన్న లోపలికి నడిచారు. చొక్కా జేబు ఒక పక్కకి బరువుగా వేలాడుతోంది. అడుగు వేసినప్పుడల్లా, టక్. టక్.

14వ తేదీ, సోమవారం, ఉదయం 7:10

కొత్త పేజీ. కొత్త నేను!

నిర్ణయం: ఆదివారంలోగా. నా చేతులతోనే.

దగ్గరున్నవి:

కొత్త లింకు. నా దిండు కింద ఉంది. (అమ్మా, తోమకు!)

కంపౌండర్ గారు. సాయంత్రం బస్సుకి దిగుతారు.

చక్రం నట్లు నాలుగు. ఎక్కడున్నాయో తెలుసు. పని పూర్తయ్యాకే అడగాలి.