ఎడమచేతి రాత

అక్కా, నేను కులాసా. రాత కోడి కెలికినట్టుందని కంగారుపడకు.

ఈ ఎడారి ఎండకి ఇక్కడి ఇళ్ళ వెనక డెక్కుల (ఎత్తు చెక్క అరుగుల) చుట్టూ ఉన్న చెక్క రెయిలింగులు నెర్రెలు విచ్చాయి. అవి పీకేసి ఇనుపవి బిగిస్తున్నాం. మొన్న మిట్టమధ్యాహ్నం ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పని ముగించి గ్లౌజులు తీశానో లేదో, ఆ ఇంటి మామ్మగారు "హమ్మయ్య, పట్టుకోడానికి ఆసరా దొరికింది" అంటూ వచ్చి కమ్మీ మీదికి చెయ్యి చాపింది. అది పొద్దుటి నుంచీ ఎండలో పెనంలా కాలి ఉంది. అరిచే వ్యవధి లేక నా అరచెయ్యి అడ్డం పెట్టేశాను. "వెధవా, నీది చెయ్యి కాదా?" అని తిట్టి, బకెట్టు చన్నీళ్ళలో నా చెయ్యి ముంచి కూర్చోబెట్టింది. నాలుగు బొబ్బలు, అంతే. ఇప్పుడు ఆ కమ్మీకి తాడు చుడుతున్నారు.

మీ మేడమెట్ల పైపుకీ పడమటెండే కదా, నా పాత లుంగీ చింపి చుట్టు. చంటిది మెట్లెక్కుతోందా? నీ మోకాలు ఎలా ఉంది?

చిన్నప్పుడు స్కేలుతో కొట్టి నా ఎడమచేతి వాటం మాన్పించావే, ఇవాళ నీకు రాస్తున్నది ఆ చెయ్యే. బావగారికి నమస్కారాలు. కట్టు ఉన్నా సరే, అవి మాత్రం రెండు చేతులతోనే.

నీ తమ్ముడు