మా తమ్ముణ్ణి దాటిపోయిన పళ్లెం

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి కాపురస్తురాలు, మిషను బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మెర్సీ అనే నేను, వయస్సు యాభై తొమ్మిది, నా వాళ్ల కోసం రాసి పెడుతున్న వీలునామా. లివరు కేన్సరు ఒళ్లంతా పసుపు పూసింది గాని బుద్ధిని ముట్టుకోలేదు. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించడం లేదు. భర్త లేడు, పిల్లలు పుట్టలేదు. నా తమ్ముడు స్టాన్లీ మూడేళ్ల కిందట ఇదే జబ్బుతో పోయాడు. వాడి కొడుకు ఫిన్నీయే నా వారసుడు. ఇందులో రాసినవన్నీ జరిపించే పూచీ కిరాణా కొట్టు అప్పలస్వామిగారిది. మా చర్చివారు కాదు గనుకనే ఆయనను ఎంచుకున్నాను.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దొడ్డి, ఇంట్లోని సామాను సమస్తమూ దానవిక్రయాది సర్వహక్కులతో ఫిన్నీకి చెందాలి. ఒరే ఫిన్నీ, దొడ్లో పనసచెట్టు మీ నాన్న నాటింది. కాయలు కోసుకో, చెట్టు కొట్టకు.

2. విశాఖ ఆసుపత్రిలో నా కణితి నుంచి సూదితో తీసిన ముక్కనూ, అక్కడే మైనంలో పోసి దాచిన స్టాన్లీ ముక్కనూ పరిశోధనకు ఇస్తున్నాను. తండ్రి తరఫున ఫిన్నీ సంతకం చేశాడు. డాక్టరు అనూరాధగారు నాకు ఓపిగ్గా చెప్పారు. జబ్బు పేరు ఒకటే అయినా, కణితి లోపల జన్యువుల్లో వచ్చే మార్పులు అన్ని జాతులవాళ్లలో ఒకేలా ఉండవట. చైనావాళ్లలో తరచుగా కనిపించేది తెల్లవాళ్లలో అరుదుగా ఉండొచ్చట. తిండి, వైరసు, వంశం అన్నీ అందులో కలుస్తాయట. వాళ్లవి బోలెడు చూశారు గాని మన వైపువాళ్లవి చూసింది బహు తక్కువట. దేవుడు అందరినీ మట్టితోనే చేశాడని సండే స్కూల్లో పిల్లలకు చెప్పినదాన్ని నేను. మరి మా మట్టిని కూడా కాస్త చూడండి బాబూ. మా ఇద్దరి ముక్కలూ ఒకే పెట్టెలో ఉంచమని అడిగాను. సరేనన్నారు.

3. మా ఇద్దరి రక్తంలోనూ లివరును పాడుచేసే హెపటైటిస్ బి వైరసు కనిపించింది. పుట్టుకలోనే అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చట. మా అమ్మను ఎవరూ ఒక్క మాట అనకండి, ఆ తల్లికి ఏం తెలుసు. ఫిన్నీ వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. వైరసు ఉంటే మందులూ స్కానింగులూ మానకూడదు, లేకపోతే టీకా వేయించుకోవాలి. భయపడి దాక్కున్నావంటే చచ్చి కూడా నిన్ను వదలనురా.

4. నా కుట్టుమిషను, పొందూరు చీర రూబీకి. తండ్రికి తెలియకుండా స్టాన్లీకి గంజి తెచ్చిపెట్టిన పిల్ల.

5. ఆ తండ్రికి, అంటే నా భర్త అన్నగారూ చర్చి పెద్దా అయిన ఏసుదానం బావకు, ఏమీ ఇవ్వడం లేదు. స్టాన్లీ కళ్లు పచ్చబడి పొట్ట ఉబ్బగానే "తాగకుంటే లివరెలా సెడిపోతాది, సెప్పు?" అని ఊరంతా చాటింది ఆయనే. తాగుడు కాదు, వైరసు అని డాక్టరు చెబితే "ఆళ్లు మొగమాటానికి అలాగే అంటార్లే" అన్నాడు. మా చర్చిలో తాగేవాడికి ప్రభు బల్ల, అంటే ఏసు పేర పంచే రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వరు. ఆ ఆదివారం చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకొని వరస వెంట వచ్చి, చెయ్యి చాపిన నా తమ్ముణ్ణి దాటేసి పక్కవాడికి ఇచ్చాడు. స్టాన్లీ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ గ్లాసుల్లో ఉన్నదేమిటో తెలుసు కదా బావా? ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించి నేను తీసిన రసం. వడకట్టింది వాడే. ఇంటికొచ్చి మంచం మీద కూలబడి "అప్పా, నానేటి సేసినానే?" అన్నాడు. అక్కను కదా, వాడి పక్కన కూర్చుని ఆ చేతిని నా ఒళ్లో పెట్టుకున్నాను.

వాడు పోయాక శవాన్ని చర్చి గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇప్పుడు అదే జబ్బు నాకొస్తే "పాపం, మెర్సీకి ఎంత కష్టమొచ్చినాది" అంటున్నాడట. ఆడదానికొస్తే జబ్బు, మగవాడికొస్తే తాగుడూనా? ఆయనను క్షమించానని రాయమన్నారు పాస్టరుగారు. చెయ్యి రావడం లేదు.

6. మంచం పట్టినవాళ్లకు బల్ల ఇంటికే తెస్తారు. పోయిన నెల పాస్టరుగారు నాకూ తెచ్చారు. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఒక్కసారి మానినదాన్ని కాను. పుచ్చుకోవడానికి నోరు తెరవలేదు. ఏడుస్తూ గోడవైపు తిరిగి పడుకున్నాను. నేను పోయాక నా పెట్టెను చర్చి గుమ్మం ముందు దింపండి. స్టాన్లీ తాగలేదని ఏసుదానం బావ అందరికీ వినపడేలా చెప్పాలి. చెబితే నన్ను లోపలికి తీసుకెళ్లండి, నాకు ఎంతో ఇష్టమైన చోటు అది. చెప్పకపోతే బతిమాలొద్దు, దెబ్బలాడొద్దు. నన్ను తిన్నగా మోసుకుపోయి మా తమ్ముడి పక్కన పెట్టండి.

కోటబొమ్మాళి, 18 అక్టోబరు 2016.

(సంతకం) మెర్సీ

పై మాటలన్నీ చదివి వినిపించగా విని, మా ఎదుట ఆమె సంతకం చేయగా చూసిన సాక్షులు:
గంగులు, రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ (సంతకం)
తవిటమ్మ, ఎదురింటి మనిషి (వేలిముద్ర)