జిమ్మీ గిన్నెలో ఉగ్గాని

నంద్యాల,
ఆదివారం.

అన్నకు, చెల్లెలు రమణమ్మ దండం పెట్టి రాస్తున్నది.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన ఎలా ఉంది? కొత్త కోడలికి మన ఇల్లు అలవాటైందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు. ఫోన్ చేస్తే నీకు వినపడదు. వదిన నీ చెవిలో అరిచి చెప్పేసరికి సగం మాటలు పోతాయి. రాళ్లు కోసే మిషన్ దగ్గర చెవులకు ఏదైనా కట్టుకోమంటే ఏనాడైనా విన్నావా? అందుకే కాగితం మీద రాస్తున్నాను.

వచ్చి నాలుగు నెలలైంది. నేనిక్కడ ముఖ్యంగా వండేది కుక్కకని ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వూ నవ్వకు. ఇంటావిడ లక్ష్మమ్మక్కకు బట్టల అంగడి ఉంది. పొద్దున పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో ఇంకెవరూ లేరు, జిమ్మీ తప్ప. ముసలి కుక్క, సగం పళ్లు ఊడిపోయాయి. పాకెట్ తిండి ముట్టడం మానేసిందని నన్ను పెట్టుకున్నారు. బియ్యం, గుమ్మడికాయ, క్యారెట్ ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, మెదిపి పెట్టాలి. గుడ్డు కూడా పెట్టాలి. ఆ వంటింట్లోకి గుడ్డు రాకూడదు కాబట్టి పెరట్లో చిన్న స్టవ్ మీద ఉడికిస్తాను.

పని తేలికే అన్నా. పొద్దున గేటు వేశాక సాయంత్రం దాకా మాట్లాడే మనిషి ఉండదు. ఒకరోజు పాలాయన ఏదో అడిగితే గొంతు పెగల్లేదు. మన ఇంట్లో నేనెప్పుడైనా ఒక్కదాన్నే తిన్నానా? ఇక్కడ పళ్లెం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

పోయిన నెలలో ఒకరోజు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకున్నాను, వదిన చేసినట్టే ఉల్లిగడ్డలు ఎక్కువ వేసి. జిమ్మీ వచ్చి ఎదురుగా కూర్చుంది. దానికి ఉల్లిగడ్డ పడదని అక్క మొదటిరోజే చెప్పింది. మరిచిపోయానని అబద్ధం చెప్పను. గుర్తుండే పిడికెడు దాని గిన్నెలో వేశాను. అది తింటుంటే నేనూ తిన్నాను. వచ్చాక కడుపు నిండా తిన్నది ఆ రోజే. మర్నాడూ అంతే. అట్లా నాలుగు రోజులు పెట్టాను.

ఐదో రోజు జిమ్మీ లేవలేదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, ఉచ్చ ఎర్రగా పోసింది. పాత చీరలో చుట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను.

"ఏం పెట్టినావమ్మా దీనికి?" అన్నాడు డాక్టరు.

"గుమ్మడికాయ అన్నమే సార్."

"నిజం చెప్పు. చెప్పకపోతే వైద్యం యాడ నుంచి మొదలుపెట్టల్ల?"

చెప్పేశాను. ఉల్లిగడ్డ కుక్కల రక్తాన్ని చంపేస్తుందట. అంతలో నా ఫోన్ అందుకుని అక్క అంగడి నుంచి వచ్చింది. ఆమెకూ నేనే చెప్పాను.

"పెట్టొద్దని చెప్పింటి కదా?"

"చెప్పినావక్కా."

"మరెందుకు పెట్టినావ్?"

"ఒక్కదాన్నే తినలేక."

అక్క జిమ్మీని తన ఒళ్లోకి తీసుకుంది. తిడితే బాగుండేది.

వారం రోజులు సూదులు, సెలైన్లు. కోడి కార్జం ఉడికించి పెడితే రక్తం పడుతుందని డాక్టరన్నాడు. గుడ్డును కూడా పెరటి దాకానే రానిచ్చిన ఇల్లు అది. అక్క "వండు. గిన్నెలు వేరే పెట్టు" అంది. చెంచాతో కొంచెం కొంచెం తినిపించాను. పదో రోజు దానంతట అది లేచి పెరట్లోకి నడిచింది. నేను స్టవ్ దగ్గరే కూలబడి ఏడ్చాను.

ఆ రోజే సంచి సర్దుకున్నాను. అక్క గుమ్మంలో నిలబడింది.

"యాడికి పోతాండావ్?"

"మా ఊరికి, ఆళ్లగడ్డకు. ఇంత జరిగినాంక కూడా నా చేతి తిండి పెట్టనిస్తావా?"

"నువ్వే పెట్టల్ల. ఇంకొకరైతే దాచిపెట్టేవోళ్లు. సంచి ఆడ పెట్టి పోయి వండు."

మర్నాటి నుంచి అక్క మధ్యాహ్నం ఇంటికొచ్చి నాతో కూర్చుని తిన్నది. మూడు రోజులే. పెళ్లిళ్ల బేరాలు మొదలై మళ్లీ రాలేకపోయింది. ఆమె తప్పేం లేదు. జిమ్మీ ఇప్పుడు బాగుంది. నా పళ్లెం వైపు చూస్తే తల నిమిరి, దాని గిన్నె చూపిస్తాను. నాకు మాత్రం ముద్ద ఇంకా సరిగ్గా దిగడం లేదు.

చెల్లెలు పనిచేసే ఇంటికి రానన్నావు. నీ కోపం నాకు తెలుసు. కోడలొచ్చిన ఇంట్లో అడ్డం కాకూడదని నేనే బయల్దేరాను, నువ్వు పంపలేదు. అక్కనడిగాను, "రమ్మను" అంది. ఏ ఆదివారమైనా పొద్దున బస్సెక్కు. సద్ద రొట్టె, వంకాయ కూర చేస్తాను. ఒక్క పూట నా ఎదురుగా కూర్చుని తిని పో అన్నా.

వదినకు, కొడుక్కు, కోడలికి నా మాటగా అందరినీ అడిగానని చెప్పు. నీ చల్లని చెయ్యి నా తలమీద ఎప్పుడూ ఉండాలి.

నీ చెల్లెలు,
రమణమ్మ