ఐదో గడిలో టిక్కు

నిజామాబాద్ బస్టాండు,
గురువారం మధ్యాహ్నం

బిడ్డా శిరీషా, బాపు దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇందాకటి నుంచి మూడుసార్లు నీ నంబరు నొక్కి, మోగేలోపే ఆపేశాను. నోటితో చెప్పలేనిది చేత్తోనైనా రాయాలి. మూడు గంటల సికింద్రాబాదు బస్సులో పార్సిల్ వేస్తే రాత్రికి నీకు అందుతుంది. నీ మెడికల్ బోర్డు రేపు పదింటికి కదా.

ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాలి సంగతి అడిగావు. పొద్దున దాన్ని తిడుతుంది, సాయంత్రం దానితోనే ఊరంతా తిరుగుతుంది. వరి కోత అయింది. ఇక నీ మూడో ప్రశ్న: “బాపూ, నా ఎడమ కంట్ల తెల్ల మరక చిన్నప్పటిదేనని డాక్టరమ్మకు యాదికున్నదా?” చిన్నప్పటిదని తేలితే రైలింజను నడిపే ఉద్యోగం నీది. తేలకపోతే నరం వాపేమోనని నిన్ను పక్కన పెడతారు.

పదహారేళ్ళ కింద కోటగిరి బడిలో కంటి క్యాంపు పెట్టినప్పుడు రిజిస్టరు రాసింది నేనే. నాకు ఇంగ్లీషు నేర్పిన గురువు యూరియా సంచి అని నీకు తెలుసు. దాని మీది అక్షరాలు దిద్దినవాణ్ణి గనక నా రాత కూడా అచ్చు గుద్దినట్టే ఉండేది. ఆ గర్వం తక్కువేం కాదు. సుబ్బరత్నం డాక్టరమ్మ నీ కంట్లోకి లైటు వేసి చూసింది.

“ఇది పుట్టుకతో వచ్చిందండీ. కరెంటు తీగకున్నట్టే కంటి నరాలకూ తొడుగుంటుంది. అది కన్ను వెనకే ఆగాలి, ఈ పిల్లకి కాస్త లోపలికొచ్చింది. హాని లేదు. కానీ రాసిపెట్టండి, రేపెవరైనా చూసి కంగారు పడతారు.”

అని ఒక పేరు చెప్పింది. అంత పొడుగు పేరు ఏ సంచి మీదా లేదు. మళ్ళీ అడుగుదామంటే వరుసలో మన పక్కింటి హన్మండ్లు.

“ఏందే రామ్‌దాసూ, కలం ఆగింది? అచ్చరాలు గిట్ట అయిపోయినయా?”

వరుసంతా నవ్వింది. రిజిస్టరులో ఒక్కో రోగానికి ఒక్కో గడి. తెల్లగా ఉందన్నారు గనక నల్లగుడ్డు మీద వచ్చే పువ్వే అయి ఉంటుందని ఐదో గడిలో టిక్కు కొట్టాను. క్యాంపులో నీకిచ్చిన కార్డులోనూ అదే టిక్కు.

ఈ పొద్దున డాక్టరమ్మ దవాఖానకు వెళ్ళాను. నువ్వు ఆమెకు యాదికి లేవు. అక్కడ రికార్డులు చూసే వినీత పాత రిజిస్టరు దులిపి తెచ్చింది. నా టిక్కు పక్కనే డాక్టరమ్మ పెన్సిలుతో గీసిన కన్ను బొమ్మ, లోపల ఈకలాంటి తెల్ల చార, కింద తేదీ. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

“బొమ్మ నాది, టిక్కు మీది. బోర్డు దేన్ని నమ్మాలండీ?”

“గా టిక్కు మీరే దిద్దుండ్రి డాక్టరమ్మా.”

“ఇప్పుడు దిద్దితే దొంగ రాత అవుతుంది. తప్పు కొట్టింది మీరేనని రాసి సంతకం పెట్టండి.”

పెట్టాను. ఆ పేజీ నకలు మీద డాక్టరమ్మ ఆ మరక అసలు పేరు రాసి ముద్ర వేసింది. వినీత కంప్యూటరులో వెతికి పక్కన కోడు వేసింది. ఆ కోడు చూస్తే ఏ ఊరి డాక్టరుకైనా ఒకటే అర్థమవుతుందట.

ఆమె అన్న దొంగ రాత నేను ముందే రాసేశాను. మొన్న హన్మండ్లుతో నీకు పంపిన కార్డు ఉంది కదా బిడ్డా, అందులో ఐదో గడిని బ్లేడుతో గీకింది నేనే. ‘ఇతరములు’ గడిలో కొత్త టిక్కు పెట్టి, రైల్వే డాక్టరు అనుమానంగా చెప్పాడని నువ్వు మెసేజీలో పంపిన పేరు చూసి రాసిందీ నేనే. అది బోర్డుకు ఇవ్వకు. పట్టుబడితే కన్ను బాగున్నా ఉద్యోగం పోతుంది. ఈ కవర్లోని నకలు ఇవ్వు.

ఇంతవరకు రాసేసరికి నువ్వే ఫోన్ చేశావు.

“బాపూ, కాయిదాలు ఇయ్యాల్నే ఇయ్యమన్నరు. కార్డు ఇచ్చిన. రేపు బోర్డుల చూస్తరట. ఇగ పరేషాన్ గాకు.”

నేను సరే అన్నాను.

కవరు పార్సిల్ కౌంటరులో ఇవ్వలేదు. సికింద్రాబాదుకు ఒక టికెట్ తీసుకున్నాను.

ఇట్లు,
బస్సులో కూర్చున్న నీ బాపు,
రామ్‌దాస్