గంగమ్మకు వదిలిన కోడె

మదనపల్లె

సింధూజ నాయనకు,

మాధవీలత రాస్తున్నది. కోపంతోనే రాస్తున్నాను, దాచుకునేదేముంది! ఫోన్ చేస్తే నా మాట సగంలో ఉండగానే "సూద్దాంలే మాధవీ" అని పెట్టేస్తావు. ఉత్తరం అట్లా కాదు, సగంలో ఆపినా మిగతాది అక్కడే ఉంటుంది, ఎప్పటికైనా చదవక తప్పదు. ఒంట్లో బాగాలేదని ఊళ్లో చెప్పి అక్క సుమతి ఇంటికి వచ్చాను కదా, నా ఒంటికి ఏమీ కాలేదు. మునిలక్ష్మమ్మ ముఖం చూడలేక వచ్చాను.

నేను సర్పంచిగా గెలిచిన రోజు ఊరందరికన్నా పెద్దదైన ఆ ముసలామె గంగమ్మ కోడెను తోలుకొచ్చి మన కొట్టంలో కట్టింది. "ఊరి పెద్దరికం ఎవురింట్లో ఉంటే కోడె ఆడ ఉంటాదమ్మా. మేపేది నువ్వు, అది మాత్రం అందరిదీ," అంది. మన పుంగనూరు జాతిలో మంచి కోడెదూడ పుడితే ఊరంతా కలిసి గంగమ్మ పేరు మీద వదిలేయడం తాతల నాటి నుంచి ఉన్నదే. దానికి ముకుతాడు వేయరు, కాడి కట్టరు, ఎవరి చేలో పడి వేరుశనగ మేసినా కొట్టరు. ఎవరి ఆవు ఎదకొచ్చినా దాని దగ్గరికే తోలుకొస్తారు. అట్లాంటిదాన్ని నమ్మి మన చేతికిస్తే, మన సొంత సొమ్ములాగా ఎత్తి ఇచ్చేశాం.

నువ్వేమంటావో నాకు తెలుసు. రూపాయి తీసుకోలేదంటావు. నిజమే. ఊళ్లకు పనులు మంజూరు చేయించే ఆ కుప్పం పెద్దమనిషి మన ఊళ్లో భూమిపూజకు వచ్చినప్పుడు ఆయన మనవరాలు మన పొట్టి కోడెను చూసి వదల్లేదు. "తోలకపోన్నా, మనింటిదే గదా!" అన్నావు. కొన్నాళ్లకే ఊళ్లోకి నీళ్ల పైపులైను వచ్చింది. ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని నాకు దండాలు పెట్టారు. కోడె ఏదమ్మా అని మునిలక్ష్మమ్మ అడిగితే, "కాలు బెణికింది అవ్వా, పశువుల ఆస్పత్రిలో ఉండాది," అని చెప్పావు. పక్కనే నిలబడి నేను నోరు మెదపలేదు. ఆ కొళాయి నీళ్లు నాకు గొంతు దిగడం లేదు సింధూజ నాయనా. మంచిపనే చేశాం, కానీ మనది కాని దాన్ని పెట్టి చేశాం. ఊరిని ఒక్క మాట అడిగి ఉంటే ఇచ్చేవాళ్లేమో! అడగలేదే!

వచ్చే గ్రామసభలో నిజం చెప్పేసి సర్పంచి పదవి వదిలేస్తాను. నిర్ణయించుకున్నాను. ఆలోపల నువ్వు కుప్పం పోయి, ఆయన తోటలో ఉన్న కోడెను కాళ్లో వేళ్లో పట్టుకుని తీసుకురా. ఈ ఒక్క పని నా కోసం చెయ్యి.

నీ మీద కోపం తగ్గని
మాధవి


కుప్పం

మాధవికి,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీ మీద మండిపడ్డాను. తర్వాత బస్సెక్కాను. ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఇది. బడి మానేశాక ఉత్తరం రాసింది లేదు, తప్పులుంటే నవ్వుకో.

తోటలో పెద్దమనిషి లేడు. కాపలా మునిస్వామి ఉన్నాడు. కోడె బాగా ఒళ్లు చేసింది. నన్ను చూడగానే వచ్చి మూతి నా చొక్కాకు రుద్దింది. ముక్కుకు తాడు వేసి ఉంది. పోనీలే, తీసేయొచ్చు అనుకున్నాను. అడగడానికి నేను నీళ్లు నములుతుంటే మునిస్వామే, "తోలకపోన్నా, పాపకు ఇప్పుడు కుక్కపిల్ల కావాలంట. దీని తట్టు సూసేదే లేదు," అన్నాడు. ఇంత తేలిగ్గా వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పలుపు విప్పుతున్నాను. అప్పుడు వాడన్నాడు. "ఏం బయం లేదులేన్నా, ఎవుర్నీ పొడవదు. పిల్లోళ్లుండే తావని వచ్చిన వారానికే విత్తులు కొట్టిచ్చేసినారు."

మాధవీ, ఊరి మందకంతా తండ్రి అది. ఇక దూడనివ్వలేదు. తప్పు వాళ్లదని తిట్టుకుందామంటే నోరు రాలేదు. ఇది గంగమ్మకు వదిలింది, విత్తనపు కోడె, దీన్నేమీ చేయొద్దండీ అని ఇచ్చేరోజు ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్లు ముట్టుకునేవాళ్లు కాదు. ఎందుకు చెప్పలేదో తెలుసా? చెబితే, మరి నువ్వెవరయ్యా ఇవ్వడానికి అని అడుగుతాడని. ఆ రోజే నా మనసుకు తెలుసు. ఊరికి నీళ్లు రావాలనే చేశాను, అది అబద్ధం కాదు. నీళ్లు తెచ్చింది గిరిబాబే అని నలుగురూ అనుకోవాలనీ ఉండింది.

మన ఊరి కృష్ణప్ప వ్యానులో కోడెను పంపిస్తున్నాను. నేను రాను. గుడుపల్లెలో మా అక్క ఇంట్లో ఉంటాను. ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావు? సభలో నా పేరు చెప్పు, పాపం నాది. నువ్వు రాజీనామా చేసెయ్యి. మనకీ పెద్దరికం వద్దు.

గిరిబాబు


పుంగనూరు దగ్గర, మన ఊరు

సింధూజ నాయనకు,

సభ అయిపోయింది. కోడె వ్యాను దిగగానే ఆడవాళ్లు పసుపూ కుంకుమా తెచ్చారు. మునిలక్ష్మమ్మ దాని ఒళ్లంతా నిమురుతూ వెనక్కి పోయింది, వంగి చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనింకా నోరు తెరవనే లేదు.

అంతా చెప్పాను. నీ ఒక్కడి పేరే చెప్పమన్నావు, నాకు చేతకాలేదు. ఇచ్చింది ఆయన, నోరు మూసుకున్నది నేను, సర్పంచిని నేనే కాబట్టి పెద్ద తప్పు నాదే అన్నాను. రాజీనామా కాగితం బల్లమీద పెట్టాను. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మునిలక్ష్మమ్మ ఆ కాగితం తీసుకుని నా ఒళ్లో పడేసింది. "బాగుండాదే నీ నాయం! ఊరి సొమ్ము పోగొట్టి, చేతులు కడుక్కోని దిగిపోతావా? అట్లయితే అందరూ పోగొట్టేదే, అందరూ దిగిపోయేదే! కూర్చో ఆడనే. ఇంగొక దూడ పుట్టి కోడె అయ్యేదాకా, ఈ ఊళ్లో ఎవురి ఆవు ఎదకొచ్చినా కొండకవతలూరి కోడె కాడికి తోలకపోయి తోలకొచ్చేది మీ మొగుడూ పెళ్లాలే. నడిసి పోవాల!"

వెనక నుంచి ఎవడో కుర్రవాడు, "పశువులాస్పత్రిలో చూడి సూది ఏపిస్తే పోతాది గదవ్వా," అన్నాడు. "అన్నిటికీ సూదే అయితే ఇంగ ఊరు యాల, సర్పంచి యాల? మూసుకోని కూర్చోరా!" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. దిగిపోతే పాపం తీరిపోతుంది కదా అనుకున్నాను ఇన్నాళ్లూ, అంత సుఖం మనకు లేదు.

ఈ పొద్దు మన వీధి ముత్యాలమ్మ ఆవు ఎదకొచ్చింది. పలుపు పట్టుకుని నేనే బయలుదేరాను. జనం గడపల్లో నిలబడి చూస్తున్నారు. మన కోడె కొట్టంలోంచి వచ్చి ఆవు వెనకాలే నడవడం మొదలుపెట్టింది. అదిలించినా ఆగలేదు, పొలిమేర దాకా వచ్చింది. ఎప్పుడూ తన దగ్గరికి వచ్చే ఆవు ఎక్కడికి పోతోందో దానికి తెలియలేదు. దాన్ని కొట్టి వెనక్కి తోలడానికి నాకు చెయ్యి రాలేదు. ముత్యాలమ్మే వచ్చి, నా వైపు చూడకుండా, మెడ పట్టుకుని తోలుకుపోయింది.

ఈ ఉత్తరం కృష్ణప్ప చేతికిచ్చి పంపుతున్నాను. ముఖం చెల్లడం లేదన్నావు, నాకు మాత్రం చెల్లుతోందా? వచ్చేయ్. ఆవును నేను తోలుకుపోతాను. కోడెను ఆపడానికి ఇంకొక మనిషి కావాలి.

మాధవి