వెనక వైరు ఎవరు పట్టుకోవాలి

నలభై ఆరేళ్ల వయసు కలిగి, కళాశాల గ్రంథాలయంలో ఉద్యోగం చేసుకుంటున్న నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. "పూర్తి తెలివితో" అన్న మాట దగ్గర పెన్ను కాసేపు ఆగింది. నా తెలివి ఏనాడైనా పూర్తిగా ఉందనడానికి నా దగ్గర రుజువు లేదు. కానీ దస్తావేజులు రాసే పెద్దాయన, "ఆ ముక్క లేకపోతే కాగితం చెల్లదమ్మా, అనుమానాలేమైనా ఉంటే ఇంట్లో పెట్టుకోండి" అన్నారు. కాబట్టి ఉన్నట్టే రాస్తున్నాను.

వచ్చే గురువారం నాకు పిత్తాశయం తీసేస్తున్నారు. "చిన్న ఆపరేషనండీ, రోజుకి నాలుగు చేస్తాను" అన్నాడు డాక్టరు. ఆయనకి నాలుగు, నాకు ఒకటే. బతికి బయటపడతాననే అనుకుంటున్నాను. పడకపోతే ఈ కింది విధంగా జరగవలెను.

1. ఈ ఇంట్లో నా పేరున ఉన్న సగభాగం, నా పుస్తకాలు నా తదనంతరం నా భర్తకు సర్వహక్కులతో చెందుతాయి. ఆయనది కళ్లద్దాల దుకాణం. ఊళ్లో అందరి చూపూ సరిచేస్తారు కానీ ఫ్రిజ్‌లో ఎదురుగా ఉన్న నిమ్మకాయ ఆయనకి కనపడదు. పుస్తకాల్ని ఎత్తు ప్రకారం సర్దకూడదు. ఒకసారి సర్దారు. నేనింకా మర్చిపోలేదు.

2. గ్రంథాలయంలో నా సహాయకురాలికి తేదీ ముద్ర. నిజానికది కళాశాల సొత్తు. పద్దెనిమిదేళ్లుగా ఇంకొకరి చేతికి ఇవ్వకపోవడం వల్ల నాదేననిపించింది. ఆ అమ్మాయి నాకంటే తిన్నగా ముద్ర వేస్తుంది. ఈ సంగతి ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు.

3. పైవాటా ఆవిడకి అల్యూమినియం నిచ్చెన. అది తనదేనని ఆవిడ ఆరేళ్లుగా అంటున్నారు. తీసుకోమనండి. కాని నిచ్చెన మాదే.

4. ఇక అసలు ఆస్తి: ముందు గదిలో టీవీ కింద ఉన్న రికార్డర్. దీని జబ్బులు వారసులకి తెలియాలి గనుక వివరంగా రాస్తున్నాను. దీని గడియారం ఏడు నిమిషాలు వెనక. ఎన్నిసార్లు సరిచేసినా రెండు రోజుల్లో మళ్లీ ఏడు నిమిషాలు వెనక్కి పోయి అక్కడ స్థిరపడుతుంది. అందువల్ల దీంట్లో ఏ కార్యక్రమానికీ మొదటి ఏడు నిమిషాలు ఉండవు. బదులుగా, చివర్లో తర్వాతి కార్యక్రమం మొదటి ఏడు నిమిషాలు అంటుకుని ఉంటుంది. హంతకుడెవరో తెలుస్తుంది, చచ్చిందెవరో తెలియదు. మా ఇంటిల్లిపాదీ దీనికి అలవాటుపడిపోయాం.

ఈమధ్య డిస్క్ కూడా పాడవుతోంది. నలభై నిమిషాలు ఆడితే వేడెక్కి బిగుసుకుపోతుంది. ఉండి ఉండి తెరమీద "డిస్క్‌లో లోపం. మొత్తం చెరిపి కొత్తగా మొదలుపెట్టాలా?" అని అడుగుతుంది. అడిగేది మననే గానీ, గుర్తు అప్పటికే "సరే" మీద నిలబడి ఉంటుంది. రిపేరతను మూత విప్పి చూసి, రోగి పక్కన నిలబడ్డవాడిలా గొంతు తగ్గించాడు. "డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెట్టినా లాభం లేదు మేడమ్. ఈ పెట్టె రాసింది ఈ పెట్టే చదవాలి. ఇది ఆడుతున్నప్పుడే పక్కన ఇంకోటి పెట్టి ఎక్కించుకోండి. గంటదానికి గంట పడుతుంది. అడ్డదారి లేదు." ఆ మాటకి గాను, వచ్చినప్పుడల్లా అడిగి తీసుకునే నా చిన్న టార్చిలైటు అతనికి ఇస్తున్నాను. ఇక తిరిగి ఇవ్వనక్కర్లేదు.

రెండు నెలలుగా ఎక్కిస్తున్నాను. ఏది ఎప్పుడు రికార్డయిందో, ఏది ఎప్పుడు చెరిపానో రాసుకునే నా నోటుబుక్కు ప్రకారం ఇంకా ముప్పై ఒక్క గంట మిగిలింది.

5. ఈ అంశం రాయడానికే మిగతావన్నీ రాశాను.

నా తమ్ముడు బస్సు డ్రైవరు. మా చెల్లి పళ్ల డాక్టరు దగ్గర వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని కూర్చోబెట్టే పని చేస్తుంది. ఇద్దరూ ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, వారమంతా రికార్డయినవి చూసేవాళ్లు. మూడేళ్ల కిందట తమ్ముడు మా ఊరి చానెల్లో క్విజ్‌కి వెళ్లాడు. పద్నాలుగో నంబరు రూటు దాటి ఎరగనివాడు ప్రపంచ దేశాల రాజధానులన్నీ కంఠతా పట్టాడు. పట్టించింది చెల్లి. ఖాళీ బిస్కెట్ల డబ్బాలో చీటీలు వేసి, ఒక్కోటీ తీసి అడిగేది. రెండో బహుమతి వచ్చింది, గోడ గడియారం. మా ఇంట్లో సరైన టైము చూపించే వస్తువు అదొక్కటే. క్విజ్ ప్రసారమైన సాయంత్రం వాడు బస్సు మీద ఉన్నాడు. రికార్డర్ పెట్టమని నాకు చెప్పాడు. పెట్టాను.

ఆదివారం వాడు చూసుకోవడానికి వచ్చేసరికి అది లేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో టీవీ ముందున్నది చెల్లి. "ఏం నొక్కావే?" అన్నాడు వాడు. "నేను నొక్కితే చెప్పనా? రోజూ చూసే మొహాన్ని చెరిపితే నాకేమొస్తుంది?" అంది ఇది. మామూలుగా అయితే నవ్వేసే మాటే. ఆ రోజు నవ్వలేదు. "నేను గెలవడం నీకిష్టం లేదు, అంతే" అన్నాడు. చెల్లి చెప్పులు వేసుకుంది. అప్పటినుంచి తమ్ముడు నెల మొదటి ఆదివారం, చెల్లి మూడో ఆదివారం వస్తున్నారు. నేనేదో రెండు ఆఫీసులకి హాజరవుతున్నట్టుంది.

చెరిపింది నేను.

సముద్రజీవుల మీద పన్నెండు భాగాల కార్యక్రమం వస్తోందంటే చోటు కోసం ఒకటి తీసేశాను. ఆ పెట్టె జాబితాలో పేర్లుండవు, తేదీ, టైము మాత్రమే ఉంటాయి. ఆరున్నరది అదే చానెల్లో మా ఆయన చూసే మొక్కల కార్యక్రమం, ఏడింటిది క్విజ్. పైదనుకుని కిందిది నొక్కాను. మొక్కలది తీసేద్దామనుకున్నందుకు మా ఆయనకి కూడా ఇందుమూలంగా క్షమాపణ.

వాళ్లిద్దరూ అరుచుకుంటున్నప్పుడు నేను వంటింట్లో తళతళలాడుతున్న గిన్నెని మళ్లీ తుడుస్తున్నాను. నేనేనా అని అనుమానం. రెండు రోజుల తర్వాత నోటుబుక్కు చూస్తే అనుమానం పోయింది. అయినా పోలేదన్నట్టే నడుచుకున్నాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణమని అందరికీ తెలుసు. దాని చాటున దాక్కోవచ్చని నాకు ఒక్కదానికే తెలుసు. ఈ ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ మూడేళ్లు లాగాను.

6. పోయిన మంగళవారం ఆ మొక్కల కార్యక్రమాన్ని ఎక్కిస్తున్నాను. గులాబీకి పట్టిన తెగులు అయిపోయింది. మామూలుగా అక్కడ ఆపేస్తాం. మూడేళ్లలో ఎవరూ దాన్ని చివరిదాకా చూడలేదు. ఆ రోజు నా ఒళ్లో ఉతికిన దుప్పట్లున్నాయి, రిమోట్ అందలేదు. క్విజ్ పాట మొదలైంది.

అది క్విజ్ మొదటి ఏడు నిమిషాలు. నేను చెరపకపోయినా తమ్ముడికి ఎలాగూ దొరకని ఏడు నిమిషాలు.

వాడు బిగుతు చొక్కాలో నిలబడ్డాడు. మొదటి ప్రశ్న, మంగోలియా రాజధాని. వాడు నెత్తి గోక్కున్నాడు. కెమెరా ప్రేక్షకుల మీదికి తిరిగింది. రెండో వరసలో మా చెల్లి, రెండు పిడికిళ్లూ గడ్డం కింద పెట్టుకుని, పెదాలతో "ఉలాన్ బాటర్, ఉలాన్ బాటర్" అంటోంది. వాడు సరిగ్గా చెప్పగానే ఎగిరి గంతేసింది. ఒక చెప్పు ఊడి ముందు వరసాయన ఒళ్లో పడింది. వాడి మొహం మీద లైట్లు, అదేదీ వాడికి కనపడి ఉండదు. ఇష్టం లేని మనిషి చెప్పులూడేలా గంతులు వేయదు.

నేను దుప్పట్లు పట్టుకుని ఏడ్చాను, నవ్వాను. ముందేది చేశానో గుర్తులేదు. ఇంతలో పెట్టె బిగుసుకుపోయింది. తెరమీద అదే ప్రశ్న వచ్చింది. దుప్పట్లు కింద పడేసి రిమోట్ అందుకుని, గుర్తు "సరే" మీంచి జరిగిందో లేదో రెండుసార్లు చూసుకుని "వద్దు" నొక్కాను. మధ్యలో తెగితే ఎక్కినదీ నిలవదు, కాబట్టి ఆ ఏడు నిమిషాలు ఇంకా బయటికి రాలేదు. అవి ఆ పెట్టెలోనే ఉన్నాయి.

7. కాబట్టి మిగిలిన ముప్పై ఒక్క గంట ఎక్కించే పని నా తమ్ముడికి, చెల్లికి ఉమ్మడిగా అప్పగిస్తున్నాను. ముందుగా ఎక్కించవలసినది ఆ మొక్కల కార్యక్రమం. నేను బతికున్నా ఈ అంశం అమలవుతుంది. ఈ పని ఒక్కరివల్ల కాదు. రెండు పెట్టెల్నీ కలిపే వెనక వైరు మంగళవారం నుంచి వదులైంది, ఒకరు పట్టుకునే ఉండాలి. ఇంకొకరు తెర చూస్తూ, ప్రశ్న వచ్చినప్పుడల్లా "వద్దు" నొక్కాలి. చేతులు పొడవు కనుక తమ్ముడు టీవీ వెనక, చెల్లి ముందు. మొహాలు చూసుకోవలసిన పని లేదు. "పట్టుకున్నావా?", "పట్టుకున్నా" అనుకుంటే చాలు. నలభై నిమిషాలకోసారి పెట్టె చల్లారేదాకా పావుగంట ఆగాలి. ఆ పావుగంట ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

ఆ ఏడు నిమిషాలు చట్టప్రకారం నా భర్తకే చెందుతాయి, మొక్కల కార్యక్రమంలో భాగం గనుక. అడిగిన ప్రతిసారీ చూపించే బాధ్యత ఆయనది. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే.

8. దీన్ని కవరులో పెట్టి అంటించేద్దామనే మొదట అనుకున్నాను. పోయాక చెప్పిన నిజానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, ప్రాణానికి హాయి. ఆ హాయే నాకు నచ్చలేదు. అందుకే ఆదివారం ఇద్దర్నీ సాక్షులుగా పిలుస్తున్నాను. చదివాకే సంతకం పెట్టాలి. వాటా ఉన్నవాళ్లు సాక్షులుగా పనికిరారని దస్తావేజుల పెద్దాయన అడ్డం చెప్పారు. వాళ్లకి వాటా ఏమీ లేదండీ, ముప్పై ఒక్క గంటల చాకిరీ మాత్రమే ఉంది, అది ఆస్తి కిందికి వస్తుందా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "చాకిరీ ఆస్తయితే మా ఇంట్లో నన్ను మించిన ధనవంతుడు లేడమ్మా, పెట్టించుకోండి" అన్నారు.

పైన రాసినదంతా నిజం. ఇందులో మాత్రం నాకు అనుమానం లేదు.

ఆదివారం, ఉదయం గోడ గడియారం ప్రకారం పదకొండు గంటల ఏడు నిమిషాలకి, రికార్డర్ ప్రకారం సరిగ్గా పదకొండింటికి, సంతకం చేశాను.

(సంతకం)
మీ అక్క

సాక్షి 1: తమ్ముడు. చదివాను. రెండుసార్లు చదివాను. అక్కా, ముందు ఆ ఆపరేషన్ కానీ, తర్వాత చెప్తా నీ పని.

సాక్షి 2: చెల్లి. చదివాను. పెన్ను అన్నయ్యే ఇచ్చాడు. ఏడో అంశంలో ఒక్క మార్పు: వైరు నేను పట్టుకుంటా, తెర అన్నయ్యని చూడమను.