ఎడమవైపు చక్రం

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు ఒక్కటే ఎప్పట్లాగే మాట వినట్లేదు. నువ్వూ వేళకి తిని బాగున్నావనే అనుకుంటున్నా. నీ ఫోను సాయంత్రం క్లాసు అయ్యేదాకా లాకర్లో ఉంటుందని తెలుసు. అందుకే భోజనాల టైములో మా వర్క్‌షాప్ వెనకాల చెక్కల మీద కూర్చుని ఇది కొడుతున్నా. పెద్ద మెసేజే. మొత్తం చదువు. సగంలో ఆపేసి అమ్మకి ఫోన్ చెయ్యకు.

ఎల్లుండి పొద్దున్నే సెలవు కాగితం ఇచ్చేసి వచ్చేస్తా అన్నావు నిన్న, అంటే రేపే. పాప కాలు అలా ఉంటే నాకు ఈ రైలు నడపడం ఎందుకురా అన్నావు. ఇప్పుడు వచ్చేస్తే నీ బ్యాచ్ నీ కోసం ఆగదని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలని, అది కూడా వాళ్ళు పిలిస్తేనే అని నువ్వే చెప్పావు ఒకసారి. అక్కా, ఆ కాగితం ఇవ్వకు. పాప కాలికి ఏం లేదు. ఊరికే నమ్మమని అడగట్లేదు, ఎందుకు నమ్మాలో చెప్తా. కానీ నాకు తిన్నగా విషయంలోకి రావడం రాదు, నీకు తెలుసుగా. నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్పి అక్కడికి వస్తా.

తింటోందా అంటే, తింటోంది. మనం పెట్టింది కాదు, దానికి దొరికింది. నిన్న బావ బూటు లేసు నములుతూ దొరికింది. చెంచాతో అన్నం పెడితే మూతి తిప్పేస్తుంది. అదే అన్నం నా కంచంలోంచి లాక్కుంటే మెతుకు వదలదు. పళ్ళు ఆరు వచ్చాయి. కావాలంటే నా చెవి మీద లెక్కపెట్టుకోవచ్చు.

దగ్గు పూర్తిగా పోయింది. ఎవరైనా తుమ్మితే చప్పట్లు కొట్టడం మాత్రం పోలేదు. బావ రోజంతా టైల్స్ కోసి ఆ దుమ్ముతో ఇంటికొచ్చి పది తుమ్ములు తుమ్ముతాడు. పదింటికీ చప్పట్లే. "మా ఆవిడ కూడా నన్నిలా మెచ్చుకోలేదురా బామ్మర్దీ" అంటాడు.

నన్ను మర్చిపోయిందా అని అడిగావు. ఫ్రిజ్ మీద నువ్వు యూనిఫాం వేసుకుని దిగిన ఫొటో ఉంది కదా. పొద్దున లేవగానే దాన్ని ఎత్తుకుని అక్కడికి తీసుకెళ్ళాలి, లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. ముందు ఫొటోని రెండు దెబ్బలు కొడుతుంది. ముద్దు పెట్టమంటే నాకుతుంది. అమ్మ రోజూ తుడుస్తోంది. నీ ముక్కు దగ్గర రంగు పోయింది. ఇంతకన్నా ఎలా గుర్తుపెట్టుకోవాలి చెప్పు.

నువ్వెందుకురా ఫోన్లో మాట్లాడవు, ఎప్పుడూ మెసేజే కొడతావు అని కూడా అడిగావు. నాకు నోటి దగ్గరికొచ్చేసరికి మాట ఆగిపోతుంది. నువ్వు "ఊ, చెప్పరా" అంటావు. అంతే, ఉన్నది కూడా పోతుంది. కానీ వర్క్‌షాప్‌లో నేను ఒక్క మాట మాత్రం బాగా మాట్లాడతా. తలుపు కోసమో కిటికీ కోసమో ఎవరొచ్చినా, మా అక్క రైలు నడపడం నేర్చుకుంటోంది అని చెప్పకుండా పంపను. మేస్త్రీ గారైతే "ఒరేయ్, వాళ్ళు కిటికీ కొలతలు చెప్పడానికి వచ్చార్రా" అంటారు. అయినా చెప్తా.

ఇక కాలు సంగతి.

పాప రెండు వారాలు నడక బండి తోసి, తర్వాత చేతులు వదిలేసి సొంతంగా అడుగులేసిన రోజు నీకు వీడియో పెట్టాం కదా. ఇంకా పదకొండో నెల నిండలేదు, వీధిలో ఎవరి పిల్లలూ అంత తొందరగా నడవలేదని అమ్మ మేడ మీద వాళ్ళందరికీ చెప్పొచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులకి బావ కనిపెట్టాడు. పాపని గోడ దగ్గర నిలబెట్టి వంటగది గుమ్మంలోంచి పిలిస్తే, గుమ్మానికి రాకుండా ఎడమకి తిరిగి ఫ్రిజ్ దగ్గర తేలుతోంది. గోడకీ గుమ్మానికీ మధ్య పది టైల్స్. ఆ పది దాటేసరికి నాలుగు టైల్స్ పక్కకి పోతోంది. అమ్మ ఫొటో కోసం వెళ్తోంది పిచ్చితల్లి అని మన అమ్మ కళ్ళు తుడుచుకుంది. కానీ పడగ్గదిలో ఏ ఫొటో లేదు. అక్కడా ఎడమకే.

బావకి ముందు తను వేసిన నేల మీదే అనుమానం వచ్చింది. ఆదివారమంతా రసమట్టం పట్టుకుని ఇల్లంతా పాకాడు. అదే, లోపల నీళ్ళలో బుడగ ఉండే బద్ద. పాప కూడా వెనకాలే పాకింది. "చూడండి అత్తయ్యా, బుడగ నట్టనడుమ ఉంది. నా నేలకి వంక పెట్టడానికి లేదు" అన్నాడు. "నేల సంగతి సరే బాబూ, పిల్ల సంగతి చూడు" అంది అమ్మ. అప్పటిదాకా బావ దాన్ని బొంగరం అని పిలిచేవాడు. ఆ రోజు నుంచి పిలవడం మానేశాడు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన సంగతి నీకు అమ్మ చెప్పింది. రెండు కాళ్ళూ టేపుతో కొలిచింది, తుంటి తిప్పి చూసింది, తేడా ఏం కనిపించట్లేదు, అయినా తగ్గకపోతే వచ్చే నెల ఎక్స్‌రే తీద్దాం అంది. అమ్మ నీకు చెప్పనిది ఒకటుంది. ఎందుకంటే అమ్మకి అది చెప్పాల్సిన విషయం అని తెలీదు. డాక్టరమ్మ, "ఇంట్లో నడక బండి ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది. అమ్మ నన్ను ముందుకి తోసి, "మా అబ్బాయే చేశాడమ్మా, సొంతంగా, చెక్కతో!" అంది. డాక్టరమ్మ నన్ను చూసి నవ్వింది. నేను నా చెప్పులు చూసుకున్నా.

అక్కా, నాకప్పటికే తెలుసు.

ఆ బండి నేను ఎవరి సాయం లేకుండా చేసిన మొదటి వస్తువు. మేస్త్రీ గారు ఒక తలుపు పలకలో మిగిలిన ముక్క తీసుకోమన్నారు. పిడి ఎంత ఎత్తుండాలో పాపని చీపురు పక్కన నిలబెట్టి గుర్తు పెట్టుకున్నా. గరుకు కాగితంతో రుద్ది రుద్ది నా బుగ్గకి ఆనించి చూసేవాణ్ణి, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమో అని. చక్రాలు గుండ్రంగా గీయడానికి మన పంచదార డబ్బా మూత పట్టుకెళ్ళా. చెక్క మీద మూత పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పి మూడు చక్రాలు గీశా. నాలుగోదానికి చెక్క చాల్లేదు. కొంచెమే తక్కువ. ఇంకో ముక్క అడగడానికి నాకు మొహమాటం. అందుకని మూత తిరగేసి, అంచు లోపలి నుంచి గీశా. లోపలి గీత అంటే ఆ అంచు మందం అంత చిన్నదే కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నా. ముందువైపు రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించా. చిన్నది ఎడమవైపు పడింది.

పోయిన నెల నిన్ను అడిగా, గుర్తుందా? రైలుకి ఒకపక్క చక్రం చిన్నదైతే ఏమవుతుంది అని. నువ్వు ఎంత సంతోషపడ్డావో. బొమ్మ గీసి మరీ పంపావు. ఒకే ఇరుసుకి బిగించిన రెండింట్లో ఒకటి చిన్నదైతే బండి ఆ చిన్నదాని వైపే లాగుతుంది, అందుకే ప్రతి జతా కొలిచి చూస్తారు అని రాశావు. ఏడో తరగతిలో బడి మానేసినా మా తమ్ముడి బుర్ర పాదరసం అని బావకి కూడా పెట్టావు. అది బుర్ర కాదక్కా. భయం. ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఖాళీ బండిని టైల్స్ గీత మీద పెట్టి తోశా. అదంతట అదే ఎడమకి తిరిగి ఫ్రిజ్‌ని కొట్టింది. రెండు వారాలు దాని వెనకాలే నడిచిన పాపకి ఆ వంకే అలవాటైపోయింది. రెండు రోజుల తర్వాతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

ఎందుకు చెప్పలేదంటే, అందరూ ఆ బండిని మెచ్చుకున్నారు. నీ క్లాసులో ఫొటో చూపిస్తే మీ సారు "మీ తమ్ముడు ఇంజినీరా?" అని అడిగారని చెప్పావు. నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు. ఆ మాట పోతుందని భయమేసింది. పాప కాలికి ఏమీ లేదని తెలిసి కూడా అమ్మ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నా. ఇది రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు మేస్త్రీ గారికి మాత్రం చెప్పా. తిడతారనుకున్నా. బండి తిరగేసి చూసి, "జత చక్రాలు విడివిడిగా ఎవరు కొయ్యమన్నార్రా నిన్ను? రెండు చెక్కలూ ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి కొయ్యాలి. అప్పుడు తప్పొచ్చినా రెండింట్లోనూ ఒకేలా వస్తుంది" అన్నారు. పాత రెండూ తీయించి, కొత్త చెక్క ఇచ్చి, పక్కన నిలబడి కోయించారు. అయ్యాక రెండు చక్రాలూ కలిపి పట్టుకుని అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పారు. గోరు ఎక్కడా ఆగలేదు. "ఇది పనివాడు కోసింది" అన్నారు. ఆ మాట నీకు అప్పుడే చెప్పాలనిపించింది. చెప్తే మొత్తం చెప్పాలి కదా.

కొత్త చక్రాలు ఎవరికీ చెప్పకుండా బిగించేశా. రోజూ పాపని అదే గోడ దగ్గర నిలబెట్టి, బండి లేకుండా నడిపించి ఎన్ని టైల్స్ పక్కకి పోతోందో చూసేవాణ్ణి. నాలుగు, మూడు, చాలా రోజులు రెండు, ఆ తర్వాత ఒకటి. అమ్మ అది తన నూనె మహిమ అనుకుంది. ఎడమ కాలికి ఎంత రుద్దిందంటే కుడి కాలి కన్నా ఎడమది మెరుస్తోంది. నేను కూడా పోనీలే, నూనె వల్లే అనుకోనీ, ఇంకో వారంలో అంతా సర్దుకుంటుంది అనుకున్నా. ఇంతలో నిన్న నీ మెసేజ్ వచ్చింది.

ఇవాళ పొద్దున బావ పనికి వెళ్ళకముందే పాత చక్రాలు మళ్ళీ బిగించా. "బావా, అమ్మా, ఒకసారి చూడండి" అన్నా. ఖాళీ బండి గీత మీద పెట్టి వదిలా. ఎడమకి తిరిగి పోయి బావ పనిముట్ల సంచిని గుద్దింది. తర్వాత కొత్తవి బిగించి వదిలా. తిన్నగా గుమ్మంలోకి పోయింది. పాత చక్రాలు రెండూ బావ చేతిలో పెట్టా.

బావ వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులో తేడా చూశాడు. "డాక్టరమ్మ అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదరా" అన్నాడు. "అందరూ బండి బాగుందన్నారు బావా" అన్నా. బావ గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "అయితే నా నేలని అనవసరంగా అనుమానించారన్నమాట" అన్నాడు.

"అనుమానించింది నువ్వే బావా" అన్నా.

అమ్మ ఫక్కున నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసి లోపలికెళ్ళి నూనె గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "మూడు వారాలు దాని కాలు రుద్దాను. ఇప్పుడు మూడు వారాలు నా మోకాలు రుద్దు. ఒక్క పూట మానేశావో, చూడు" అంది. సరే అన్నా. ఇవాళే మొదలైంది.

ముగ్గురం ఇలా ఉండగా పాప గోడ పట్టుకుని లేచింది. ఎవరూ పిలవలేదు. చేతులు రెండూ గాల్లోకి లేపి, పొట్ట ముందుకేసి, గీత మీద పడి బయల్దేరింది. బావ ఫోన్ తీసి వీడియో పట్టుకుని ఒకటి, రెండు అని టైల్స్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పది. గుమ్మం మధ్యలో నిలబడింది అక్కా. ఒక్క టైల్ కూడా పక్కకి పోలేదు. బావ "ఓయ్ బొంగరం!" అని అరిచాడు. మళ్ళీ ఆ పేరు విన్నా.

అంతా నీకు కనపడాలని వీడియోలు పెడుతున్నా. పాత చక్రాల బండి ఒకటి, కొత్త చక్రాలది ఒకటి, పాపది ఒకటి. పాపది బావ తీశాడు, అందులో అడ్డంగా ఉన్న బొటనవేలు బావదే, నాది కాదు. చివరిదాకా చూడు. గుమ్మం దగ్గర నిలబడ్డాక అది మళ్ళీ ఎడమకి తిరుగుతుంది. చూసి కంగారుపడకు. చక్రం తిప్పింది కాదు, కాలు తిప్పింది కాదు. అదే నిలబడి, ఆలోచించుకుని, తిరిగి, నాలుగు అడుగులేసి ఫ్రిజ్ దగ్గరికెళ్ళి నిలబడి, నీ ఫొటో కేసి చేతులెత్తింది. అందలేదు. నేను ఎత్తుకున్నా. అప్పుడు రెండు దెబ్బలు కొట్టింది.

ఆ కాగితం చించెయ్యి అక్కా. నన్ను తిట్టాలనుంటే తిట్టు, తిట్లు తినడానికి ఫోన్ నా దగ్గరే పెట్టుకుంటా. సాయంత్రం ఏడింటికి చెయ్యి. ఈసారి అమ్మకివ్వను. "ఊ, చెప్పరా" అను. చెప్తా.

ఇట్లు,
నీ కూతురి మేనమామ,
చక్రాలు జతగా కొయ్యడం నేర్చుకున్న నీ తమ్ముడు